ఎల్లమ్మ

గోపాల్‌పూర్‌లో మా లాడ్జి బోర్డు
ఉప్పుగాలికి ఎప్పుడో రాలిపోయింది.
పరదేశీయులెవరైనా దిగితే
తెల్లారేలోగా సి-ఫారం నింపి పంపాలి.
ఆ పని నాది.

పేరు: హెల్వి.
దేశం: ఎస్టోనియా.
వచ్చిన పని: పర్యాటకం.
పదకొండేళ్లుగా అదే గడిలో అదే మాట.

చూడ్డానికేముందని ఇక్కడ?
సాయంత్రం కాసేపు తెరిచే లైట్‌హౌసు,
కూలిన పాత రేవు స్తంభాలు,
వాటి మీద రెక్కలారబెట్టుకునే నీటికాకులు.
అవన్నీ మొదటి వారంలోనే అయిపోయాయి.
తర్వాత సూరాడ ఎర్రయ్య వల బాగుచేస్తుంటే
పక్కన కూచుని చూడ్డం మొదలుపెట్టింది.
ఇంకా చూస్తూనే ఉంది.

హెల్వి అనడానికి మా పేటలో ఎవరికీ నోరు తిరగలేదు.
ఎల్వి, ఎల్వమ్మ, మూడో ఏటికి ఎల్లమ్మ.
సరిపోయిందిలే అనుకున్నాను,
ఆర్నెల్లకోసారి ఎల్ల దాటాలి మరి.

నూట ఎనభై రోజులు. ఒక్కటి ఎక్కువ కాకూడదు.
రోజుకో ముడి వేసుకోమని
ఎర్రయ్య నైలాను తాడిచ్చాడు.
నూట యాభయ్యో ముడి పడ్డాక
ఆమె నవ్వు కాస్త పొట్టిదవుతుంది.
పిల్లికి పాలెవరు పోస్తారని మూడుసార్లు అడుగుతుంది.
ట్రంకుపెట్టె మా మెట్లకింద పెట్టి
బరంపురంలో హౌరా బండెక్కుతుంది.
రక్సౌల్‌లో గుర్రబ్బండి, వంతెన అవతల ఓ టీ,
ఖాట్మండులో పొడుగాటి వరస.
ఆ వరసలో వాళ్లంతా ఒకరికొకరు ఎరికేనట,
గోకర్ణం ముసలాయన, పుష్కర్ అక్కచెల్లెళ్లు.
“చూడ్డం అయిందా?”
“ఎక్కడా, ఇంకా లేదు.”

వచ్చేటప్పుడు నాకో ఉన్నిటోపీ తెస్తుంది.
గోపాల్‌పూర్‌లో ఉన్నిటోపీ!
ఇరవై ఒకటున్నాయి.

తుఫాను ఏడాది బళ్లు ఆగిపోయాయి.
తాడు మీద నూట ఎనభై నాలుగు ముళ్లు.
షెల్టరులో మా అమ్మ పక్కనే పడుకుంది,
పాస్‌పోర్టు ప్లాస్టిక్ కవర్లో చుట్టి పొట్టకి కట్టుకుని.
మావాళ్లు రేషన్ కార్డులు కట్టుకున్నట్టే.
ఛత్రపురంలో ఆఫీసరు అడిగాడు:
నాలుగు రోజులు ఎక్కువ ఎందుకున్నారు?
గాలి సార్, అన్నాను ఒడియాలో.
ఫారంలో గాలికి గడి లేదన్నాడు.
జరిమానా రసీదు ఫైల్లోనే ఉంది,
చెమ్మకి అంకెలు పాకాయి.

బస్సులో తిరిగొస్తుంటే మా తాత గుర్తొచ్చాడు.
భీమిలి వైపు నించి తెప్ప తోసుకొచ్చి
ఈ ఇసకలో పాక వేసినప్పుడు
ముద్ర వేసినవాడెవడూ లేడు.
వచ్చిన పని: చేప.
ఉండే రోజులు: ఉన్నన్నాళ్లు.
అయినా బళ్లో మాస్టారు నన్ను
పదో తరగతి దాకా “తెలెంగా ఝియా” అనే పిలిచాడు,
ఒడియాలో మొదటి మార్కు నాదే అయినా.

“ఏటి సూత్తావమ్మా ఇన్నేళ్లు?”
ఎర్రయ్య పెళ్లాం పోలమ్మ ఓసారి అడిగేసింది.
ఎల్లమ్మ చాలాసేపు ఆలోచించింది.
“మా ఊళ్లో సముద్రం గడ్డకట్టేత్తాది.
ఇది ఎప్పుడాగుద్దో అని సూత్తన్నాను”
అంది, మా యాసలోనే.
పోలమ్మ నమ్మలేదు. నేనూ నమ్మలేదు.

మొన్న మాఘంలో వెళ్లింది.
గుమ్మంలో నిలబడి “ఎల్లొత్తానే” అంది,
పోవడమూ రావడమూ ఒకే మాటలో.
ఈసారి ఎంబసీలో కొత్తావిడట.
పాత ముద్రలన్నీ వేలుపెట్టి లెక్కపెట్టిందట.
ఆలోచించి చెప్తామన్నారని ఫోను.
నలభై రోజులైంది.

నాలుగో నంబరు గది అడుగుతూ
కలకత్తా జంటలు వస్తున్నారు.
ఖాళీ లేదంటున్నాను.
గడప మీద పిల్లి నన్ను చూసి తోక తిప్పుకుంటుంది.
సి-ఫారం నింపి ఉంచాను,
తేదీ ఒక్కటీ, వచ్చిన పని ఒక్కటీ వదిలేసి.

బయట ఎర్రయ్య కొత్త తాడు కొలుస్తున్నాడు.
నూట ఎనభై ముళ్లకి ఎంత పడుతుందో
అతని చేతికి తెలుసు.
అది దాటి ఇంకో మూర లాగాడు,
కత్తి కోసం ఇసకలో తడుముకున్నాడు,
దొరికింది కూడా.
కొయ్యకుండానే చుట్ట చుట్టి
చూరులో దోపాడు.